టర్బో మార్చే ముందు రిటర్న్ పైపు చూడండి

ప్రశ్న: మాది జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పల్లెటూరండి. తోటలోంచి పామాయిల్ గెలలు తోలుకోవడానికి పాత మహీంద్రా జీపు వాడుతున్నాను. 2523 సీసీ డీఐ ఇంజను, టర్బో లేని మోడల్. ట్రైలర్ తగిలిస్తే ఎక్కుడులో లాగడం లేదని పోయిన ఏడాది మా మెకానిక్ ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజనులోకి ఎక్కువ గాలి తోసేది) తెచ్చి బిగించాడు. లాగుడు పెరిగింది. కానీ బండిని కాసేపు ఐడిల్‌లో ఉంచి కదిలిస్తే వెనకాల నీలం పొగ కమ్మేస్తోంది. సైలెన్సర్ చివర ఆయిల్ తడి కనిపిస్తోంది. టర్బో నుంచి కిందికి వచ్చే రిటర్న్ హోసును, చాంబర్ (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) డ్రెయిన్ నట్టుకు బెజ్జం వేసి దానికే కలిపాడు. ఇప్పుడేమో టర్బో సీల్ పోయింది, ఇంకోటి వేద్దాం అంటున్నాడు. తెలిసినాయన ఒకరు, చాంబర్‌కు పక్కన బెజ్జం వేసి పైపు అతికించి హోసు అక్కడికి మార్చితే పోతుందన్నారు. నా దగ్గర డ్రిల్లు, చిన్న వెల్డింగ్ మిషను ఉన్నాయి. చాంబర్ రేకుదే, అయస్కాంతం అంటుకుంటోంది. విప్పకుండా కింద దూరి ఆ పని ఇంట్లో చేసుకోవచ్చా? బెజ్జం ఎక్కడ, ఎంత సైజులో వేయాలి?

జవాబు: రెండో టర్బో కొనకండి, ఇప్పుడే వద్దు. హోసు డ్రెయిన్ నట్టుకు కలిపారన్న ఒక్క మాటలోనే సగం రోగం బయటపడింది. కొత్తది బిగించినా దాని ఆయిల్ కూడా ఆ దారినే దిగాలి కదా, అదీ నెల తిరక్కుండా ఇలాగే పొగ కక్కుతుంది. మీకు తెలిసినాయన చెప్పిన వైద్యం సరైనదే. విప్పకుండా చేయొచ్చా అంటే మాత్రం వద్దనే చెబుతాను. కారణం తర్వాత చెబుతాను, ముందు పొగ ఎందుకొస్తోందో చూద్దాం.

టర్బోలో సీల్ అనగానే చాలామంది హబ్‌లో ఉండే రబ్బరు ఆయిల్ సీల్ లాంటిది ఊహించుకుంటారు. అలాంటిది అందులో ఉండదు. ఆ షాఫ్టు లోడు మీద నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, పక్కనే ఎగ్జాస్ట్ వేడి. రబ్బరు అక్కడ నిమిషం నిలవదు. అందుకే షాఫ్టు రెండు చివర్లా పిస్టన్ రింగు లాంటి సన్నటి ఇనుప రింగులు వేస్తారు. నిలబడిన ఆయిల్‌ను ఆపే శక్తి ఆ రింగులకు లేదు. ఆయిల్ ఎప్పటికప్పుడు కిందికి జారిపోతూ, మధ్య గది ఖాళీగా ఉంటేనే అవి పనిచేస్తాయి. గది నిండిందా, ఎంత కొత్త టర్బో అయినా రింగు పక్కనుంచి ఒకవైపు సైలెన్సర్‌లోకి, ఇంకోవైపు ఇంజను పీల్చే గాలిలోకి ఆయిల్ జారుతుంది. మెకానిక్ చూసేది ఆ తడినే. సీల్ పోయిందని తీర్మానించేది దాన్ని బట్టే.

పైనుంచి ఆయిల్ వచ్చేది పంపు ఒత్తిడితో, సన్నటి పైపులో. కిందికి పోయేది మాత్రం ఒట్టి బరువుతోనే, తోసేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా బేరింగుల్లో నలిగి చిలికిన మజ్జిగలా నురగ కట్టి దిగుతుంది కాబట్టి లోపలికి వచ్చినదానికంటే ఎక్కువ జాగా అడుగుతుంది. ఫీడ్ పైపు లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లు ఉంటే రిటర్న్ పైపు 16 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంటే జాగా పదహారింతలు. మీ డ్రెయిన్ నట్టుకు వేసిన బెజ్జం ఎంతుందో ఒకసారి కొలవండి. ఆ నట్టు మందంలో 8, 10 మిల్లీమీటర్లకు మించి వేయడానికి చోటుండదు. సైజు కథ అక్కడే తేలిపోతుంది.

సైజు ఒకటే అయితే సర్దుకోవచ్చు. అసలు తప్పు చోటులో ఉంది. డ్రెయిన్ నట్టు చాంబర్ అడుగున ఉంటుంది, దాని మీద ఆయిల్ నిండా ఉంటుంది. దిగే ఆయిల్ ఆ మడుగులోకి కిందనుంచి దూరాలి, నురగలో ఉన్న గాలికి బయటపడే దారే లేదు. దానికితోడు క్రాంక్‌కేసులో (క్రాంకు తిరిగే ఇంజను కింది గదిలో) ఎప్పుడూ కొంచెం ఒత్తిడి ఉంటుంది. బయటికంటే ఒక్క కిలోపాస్కల్ ఎక్కువున్నా అది మీ హోసులో ఆయిల్‌ను ఇంచుమించు 12 సెంటీమీటర్లు పైకి ఎత్తేస్తుంది. ఐడిల్‌లో టర్బో మెల్లగా తిరుగుతుంది, గాలిని తోసే టర్బో వీల్ వెనక గాలి ఒత్తిడి ఉండదు, కాబట్టి ఆయిల్ ఆ వైపుకు తేలిగ్గా జారుకుంటుంది. తొక్కితే బూస్టు (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెరిగి గాలి ఎదురు తోస్తుంది, ఆయిల్ వెనక్కి తగ్గుతుంది. కాసేపు ఐడిల్‌లో ఉంచి కదిలిస్తేనే పొగ వస్తోందని మీరు రాశారు చూశారా, ఆ వరస దీనికే సరిపోతుంది. టర్బో నిజంగా అరిగిపోయుంటే లోడు మీద కూడా పొగ ఆగదు, సాధారణంగా ఈలలాంటి చప్పుడు కూడా మారుతుంది.

ఇక చాంబర్ మీద డ్రిల్లు పెట్టే ముందు రెండు పరీక్షలు చేయండి. రెంటికీ పైసా ఖర్చు లేదు.

ఇంజను వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి ట్యాపెట్ కవర్ మీది ఆయిల్ మూత తీయండి. మూతను తిరగేసి బెజ్జం మీద వదులుగా పెట్టండి. కొద్దిగా ఆడుతూ ఉంటే పాత డీజిల్ ఇంజనుకు అది మామూలే. ఎగిరి పడిపోతే, ఆవిరి బుస్సు బుస్సుమని కొడుతుంటే బ్యాక్ కంప్రెషన్ (ఇంజను కింది గదిలో చేరే గాలి ఒత్తిడి) ఎక్కువుందన్నమాట. పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు, లేదా బ్రీదర్ (ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే దారి) మూసుకుపోయి ఉండొచ్చు. బ్రీదర్ హోసు విప్పి లోపల మడ్డి పట్టిందేమో చూడండి. ఇంకో మాట, బయటినుంచి పెట్టిన టర్బోల్లో తరచూ కనిపించే పొరపాటు ఇది. టర్బో లేనప్పుడు బ్రీదర్ హోసు గాలి పీల్చే పైపుకో, మానిఫోల్డుకో కలిపి ఉంటే అక్కడ పీల్పుడే ఉండేది. టర్బో పెట్టాక ఆ చోట బూస్టు వస్తుంది. హోసు అలాగే వదిలేస్తే టర్బో గాలి నేరుగా క్రాంక్‌కేసులోకి ఊదుతుంది. అప్పుడు మీరు చాంబర్‌కు ఎంత పెద్ద పైపు అతికించినా ఆయిల్ కిందికి దిగదు. బ్రీదర్ హోసు టర్బోకు ముందు, అంటే ఎయిర్ క్లీనర్‌కూ టర్బోకూ మధ్యకు పోవాలి. లేదా ఒక చిన్న సీసా లాంటి క్యాచ్ డబ్బా పెట్టి గాలిలోకి వదలాలి.

రెండో పరీక్ష. చల్లారిన ఇంజనుకు రిటర్న్ హోసు కింది చివర ఊడదీసి, డ్రెయిన్ నట్టు స్థానంలో బెజ్జం లేని మామూలు నట్టు బిగించండి. ఆయిల్ లెవెల్ సరిచూసి, హోసు చివర ఒక శుభ్రమైన డబ్బాలో పెట్టి స్టార్ట్ చేయండి. లీటరు పడగానే ఆపి, బట్టలో వడకట్టి తిరిగి పోయండి. ఆయిల్ డబ్బాలోకి ధారగా, తడబడకుండా దిగుతోందా, అదే సమయంలో టర్బో నుంచి మానిఫోల్డుకు పోయే గాలి పైపు లోపల కొత్త తడి ఆగిందా, ఈ రెండూ చూడాలి. ఆ పైపు ముందుగానే గుడ్డతో శుభ్రంగా తుడిచి పెట్టుకోండి. పొగను బట్టి తీర్పు ఇవ్వకండి, సైలెన్సర్‌లో పాత ఆయిల్ ఇంకా మిగిలే ఉంటుంది. డబ్బా దగ్గర ఒక మనిషి కూర్చునే ఉండాలి. చూసుకోకపోతే ఇంజనులో ఆయిలంతా డబ్బాలోకి చేరి మెటల్స్ (క్రాంకు బేరింగులు) కొట్టేస్తాయి.

మొదటి పరీక్షలో ఒత్తిడి మామూలుగా ఉండి, రెండోదాంట్లో ధార బాగా దిగుతూ గాలి పైపులో తడి ఆగితే తప్పు డ్రెయిన్ నట్టు దారిదే, చాంబర్ పని మొదలుపెట్టండి. దానికంటే ముందు ఒక్క రోజు ఖర్చు పెట్టి విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లి రండి. మీ ఇంజనుకు కంపెనీ టర్బోతో వచ్చిన తోబుట్టువులు ఉన్నాయి. వాటి రిటర్న్ పైపు ఎక్కడ కలుస్తోందో పాత సామాను షాపులో విప్పి పడేసిన ఇంజను మీద చూడండి. మీ బ్లాకు మీద అదే చోట మూత ప్లేటో, ప్లగ్గో ఉంటే ఆ పైపు, ఆ ఫ్లాంజి కొనుక్కోవడమే తేలిక. చాంబర్‌ను తాకాల్సిన అవసరమే రాదు. అలాంటిది లేకపోతే చాంబర్ మీద పడదాం.

బెజ్జం ఎక్కడ అన్నది మీ ప్రశ్నల్లో అసలైనది. సూత్రం ఒకటే: దాని కింది అంచు, ఆయిల్ నిండుగా ఉన్నప్పటి మట్టానికి కనీసం ఒక అంగుళం పైన ఉండాలి. ఆ మట్టం బయటికి కనపడదు, చాంబర్ విప్పి అందులో ఆయిల్ పోసి కొలిస్తే తప్పు వస్తుంది. జీపులో ఇంజను సమంగా కూర్చోదు, వెనక్కి కొద్దిగా వాలి ఉంటుంది. అందుకని కొలత బండి మీదే తీసుకోవాలి. దానికి తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే ట్యూబు చాలు.

మీ మెకానిక్ బెజ్జం వేసిన డ్రెయిన్ నట్టు ఇక్కడ పనికొస్తుంది. ఆయిల్ మార్చే రోజున, ఆయిల్ దించేశాక ఆ నట్టుకు పాత హోసు బదులు మీటరు పొడవు పారదర్శకమైన ప్లాస్టిక్ ట్యూబు బిగించండి. రెండో చివర పైకెత్తి బానెట్‌కు కట్టేయండి, ఆ చివర తెరిచే ఉండాలి. బండి సమతలంగా ఉన్న నేల మీద ఉండాలి. గచ్చు మీదైతే మంచిది. ఆయిల్ మూత తీసి ఉంచి, డిప్‌స్టిక్ పై గీత వరకు కొత్త ఆయిల్ పోయండి. ఇప్పుడు ట్యూబును చాంబర్ పక్కకు ఆనించి పట్టుకుంటే, ట్యూబులో ఆయిల్ ఎక్కడ నిలబడిందో లోపల మట్టం సరిగ్గా అక్కడే. ఆయిల్ చిక్కన కాబట్టి ట్యూబులో నిదానంగా ఎక్కుతుంది. పావుగంట ఆగి చూడండి. చాంబర్ ముందువైపు ఒకచోట, మధ్యలో ఒకచోట, వెనక ఒకచోట ట్యూబు ఆనించి, ఇనుప సూదితో గీతలు గీయండి. చాక్‌పీస్ గీతలు కడిగేటప్పుడు పోతాయి. మూడు గీతలు కలిపితే అదే మీ ఆయిల్ గట్టు. పెయింటు వేసినా మళ్లీ కనపడేలా గట్టిగా గీయండి.

ఆ గట్టు పైన ఎక్కడ వేయాలన్నది లోపలా బయటా ఉన్న సామాన్లను బట్టి ఉంటుంది. క్రాంకు బరువులు తిరుగుతూ ఆయిల్‌ను విసిరే వరసలో పడకూడదు, ధార ఎదురుకొడితే పైపు నోరు మూసేసినట్టే. ఆయిల్ పంపు పీల్చే స్ట్రైనర్‌కు దగ్గరగా కూడా వద్దు, నురగ నేరుగా పంపులోకి పోతుంది. డిప్‌స్టిక్ దిగే చోటుకు దూరం ఉంచండి. బయట చూడాల్సింది ముందు యాక్సిల్. కమాన్ పట్టీల బండి కదా, లోడు మీద గుంటలో పడితే యాక్సిల్ పైకి లేచి చాంబర్ దగ్గరదాకా వస్తుంది. నిలబడి ఉన్న బండి కింద చూసి ఖాళీ చాలానే ఉందనుకోకండి. బంప్ రబ్బరు పూర్తిగా నొక్కుకుంటే యాక్సిల్ ఎంత పైకి వస్తుందో ఆ దూరం లెక్క తీసుకోండి. మీరు బుట్టాయగూడెం వైపు ఎక్కుళ్లు తిరుగుతారు గనక ఇంకో సంగతి. ఎక్కేటప్పుడు ఆయిల్ వెనక్కి జరుగుతుంది, దిగుతూ బ్రేకు వేస్తే ముందుకొస్తుంది. టర్బోకు తిన్నగా కింద, చాంబర్ పొడవుకు మధ్య భాగంలో చోటు దొరికితే రెండు వైపులా ఇబ్బంది తక్కువ.

టర్బో కూర్చున్న తీరు కూడా ఈ సందర్భంలోనే చూసేయండి. దాని రిటర్న్ ఫ్లాంజి నోరు నేరుగా నేలను చూస్తూ ఉండాలి. అటూ ఇటూ ఒక 35 డిగ్రీల వరకు వాలితే పర్వాలేదు. అంతకంటే పక్కకు తిరిగి ఉంటే మధ్య భాగం బోల్టులు వదులు చేసి తిప్పి సరిచేయాలి. అది చేయకుండా చాంబర్ మీద ఎంత కష్టపడినా లాభం లేదు.

ఇప్పుడు విప్పకుండా చేయొచ్చా అన్న మాట. డ్రిల్లు బిట్టుకు గ్రీజు పూసి, మెల్లగా తొలిచి, ఇనప రజను గ్రీజులో అంటుకునేలా చేసి, తర్వాత డీజిల్ పోసి కడిగేసేవాళ్లు ఉన్నారు. విదేశాల్లో గ్యారేజీల్లో కూడా ఇది మామూలే. చాంబర్ దించాలంటే ఇంజనునే దించాల్సిన కార్లకు అది తప్పదనుకోవచ్చు. మీ జీపుకు ఆ అవస్థ లేదు. చాసిస్‌ను పైకెత్తి యాక్సిల్‌ను వేలాడనిస్తే, అవసరమైతే ఇంజను మౌంటింగులు వదులు చేసి కాస్త లేపితే చాంబర్ బయటికొస్తుంది. లోపల పడ్డ ఒక్క రజను ముక్క మెటల్స్ మధ్యకు చేరితే క్రాంకు గీసుకుపోతుంది. పైపు అతికించాలంటే ఎలాగూ వెల్డింగ్ కావాలి. ఆయిల్ ఆవిరి నిండిన చాంబర్‌కు బండి మీదే వెల్డింగ్ పెట్టడమంటే నిప్పుతో ఆడుకోవడమే. ఆ మాట ఎవరు చెప్పినా వినకండి. దించడానికి ఒక ఆదివారం పోతుంది, అంతే. జాకీ మీద ఒక్కదాని మీదే నమ్మకం పెట్టి కింద దూరకండి. ఇనప స్టాండ్లు లేకపోతే అడ్డు చెక్కలు పేర్చండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి.

చాంబర్ దిగాక చేయాల్సిన పనుల్లో మీవి కొన్ని, వెల్డర్‌వి కొన్ని. మీ వాటాలో మొదటిది శుభ్రం చేయడం. డీజిల్‌తో కడిగి, తర్వాత సర్ఫు నీళ్లతో వేడివేడిగా రెండుసార్లు కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. మూలల్లో, మడతల్లో దాగిన ఆయిల్ వెల్డింగ్ వేడికి మండుతుంది, అతుకు కూడా బుడగలు పడి సన్న బెజ్జాలు మిగులుతాయి. స్ప్రే డబ్బాల్లో దొరికే బ్రేక్ క్లీనర్‌తో కడగాలనిపిస్తే ఆగండి. వాటిల్లో కొన్నింట్లో క్లోరిన్ కలిసిన ద్రావకం ఉంటుంది. దాని తడి మిగిలుండగా వెల్డింగ్ ఆర్క్ తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అతి కొద్దిగా పీల్చినా ఊపిరితిత్తులు పాడవుతాయి. మనకు సర్ఫు చాలు.

రెండోది, అతికించే నిపుల్ చేయించడం. ఇంట్లో మిగిలిన జీఐ పైపు ముక్క కోసేసి పెట్టేయాలనిపిస్తుంది, వద్దు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి తెల్ల పొగగా లేస్తుంది. పీల్చిన రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు. అతుకూ గట్టిగా పట్టదు. లేత్ షాపులో మామూలు ఎమ్మెస్ రాడ్ ఇచ్చి తిప్పించండి. లోపలి వ్యాసం 16 నుంచి 19 మిల్లీమీటర్లు, బయట హోసు దూరే చివర అంచున చిన్న గట్టు, అప్పుడు క్లిప్పు బిగించాక హోసు జారదు. చాంబర్‌కు ఆనే చివర కొంచెం ఏటవాలుగా కోయించండి. నిపుల్ నోరు అడ్డంగా కాకుండా 45 డిగ్రీలు పైకి, టర్బో వైపు చూస్తూ ఉంటే హోసు మెలిక తిరగకుండా తిన్నగా దిగుతుంది. లేత్ మేస్త్రీకి బొమ్మ గీసి ఇవ్వండి, నోటితో చెబితే తిన్నగా కోసి చేతిలో పెడతాడు.

వెల్డింగ్ మాత్రం మీ చిన్న మిషనుతో మీరు చేయకండి. మీ చేతి మీద అపనమ్మకం కాదు. రేకు పలచన, 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతో మందంగా ఉన్న నిపుల్ కరిగేలోపు రేకు కరిగి కారిపోతుంది. సీఓటూ వెల్డింగ్ ఉన్న షాపుకు ఇవ్వండి, లేదా పాతకాలపు గ్యాస్ వెల్డర్ దొరికితే ఇత్తడి వెల్డింగ్ పెట్టించండి. పలచ రేకుకు ఇత్తడి చాలా అనువైనది, వేడి తక్కువ. షాపుకు ఇచ్చేటప్పుడు ఒక షరతు పెట్టండి. చాంబర్ అంచును ఒక దళసరి ప్లేటుకు బోల్టులతో బిగించి పెట్టాకే అతకాలి. ఒక్కచోటే ఆపకుండా కాల్చుకుంటూ పోకుండా, ఎదురెదురుగా చిన్న చిన్న ముక్కలుగా పెట్టి మధ్యలో చల్లారనివ్వాలి. లేకపోతే ప్యాకింగ్ కూర్చునే అంచు వంకర తిరుగుతుంది, తర్వాత ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిల్ కారుతూనే ఉంటుంది. చాలా ఇళ్లలో చాంబర్ పని చెడేది ఈ అంచు దగ్గరే. లోపలివైపు నిపుల్ పొడుచుకు రాకూడదు, రేకుతో సమంగా ఉండాలి. వెల్డింగ్ పొరక ఒక్క రవ్వ కూడా మిగలకుండా గీకి, వైర్ బ్రష్ కొట్టి, అయస్కాంతంతో తడిమి చూడండి.

ఇంటికి తెచ్చాక అంచును ఒక దళసరి అద్దం ముక్క మీద బోర్లించండి. కింద వెలుగు కనిపిస్తే అక్కడ వంగినట్టు. బోల్టు బెజ్జాల చుట్టూ గతంలో ఎవరో గట్టిగా బిగించి లోపలికి నొక్కేసి ఉంటారు, వాటిని చెక్క మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి సమం చేయండి. తర్వాత అతుకు పరీక్ష. చాక్‌పీస్ పొడి నీళ్లలో కలిపి అతుకు బయటివైపు పూసి ఆరనివ్వండి. లోపలివైపు అతుకు మునిగేలా కిరోసిన్ లేదా డీజిల్ పోసి, నిపుల్‌కు బిరడా పెట్టి రాత్రంతా ఉంచండి. నూనెకంటే కిరోసిన్ ఎంత సన్న సందులోంచైనా పాకుతుంది. తెల్లారేసరికి తెల్ల పూత మీద తడి మరక కనిపిస్తే వెల్డర్ దగ్గరికి మళ్లీ వెళ్లాల్సిందే. ఎం-సీల్ అద్దేసి సరిపెట్టుకోకండి, వేడి ఆయిల్‌కు అది నాలుగు రోజులు ఆగదు.

హోసు గురించి రెండు మాటలు. రేడియేటర్ హోసు ముక్కలు వేయకండి. ఆ రబ్బరు నీళ్ల కోసం చేసింది, ఆయిల్ తగిలితే ఉబ్బి లోపలికి మూసుకుపోతుంది. ఆయిల్‌కు పనికొచ్చే నైట్రైల్ రబ్బరు కావాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డు దగ్గరగా పోతుంటే విటాన్ రకం తీసుకోండి. రంగురంగుల సిలికాన్ హోసులు చూడ్డానికి బాగుంటాయి గానీ మామూలు సిలికాన్ ఆయిల్‌కు మెత్తబడిపోతుంది. టర్బో, చాంబర్ రెండూ ఇంజను మీదే ఉంటాయి, ఒకదానితో ఒకటి కదలవు. కాబట్టి ఎక్కువ దూరం ఇనప పైపే వేసి, మధ్యలో జానెడు హోసు పెట్టడం అన్నిటికంటే మేలు. ఎక్కడా కిందికి వంగి మళ్లీ పైకి లేవకూడదు, నిటారు మలుపులు ఉండకూడదు. అన్ని చోట్లా కనీసం 30 డిగ్రీల వాలు ఉండాలి.

బిగించేటప్పుడు పాత ప్యాకింగ్ మడ్డి బ్లాకు మీదనుంచి పూర్తిగా గీకేయండి. చాంబర్ ప్యాకింగ్‌కు అనాబాండ్ (ప్యాకింగ్ గమ్) పలచగా రాస్తే చాలు, లోపలికి పిండిన బొద్దు ఊడి స్ట్రైనర్‌కు చుట్టుకుంటుంది. టర్బో ఫ్లాంజిల దగ్గర, ఫీడు వైపు గానీ రిటర్న్ వైపు గానీ, అనాబాండ్ చుక్క కూడా వద్దు. ఉత్త ప్యాకింగే వేయండి. డ్రెయిన్ నట్టు స్థానంలో కంపెనీ నట్టు బిగించడం మర్చిపోకండి.

స్టార్ట్ చేసే ముందు టర్బో ఫీడ్ పైపు విప్పి, ఆ బెజ్జంలో శుభ్రమైన ఆయిల్ పోస్తూ షాఫ్టును వేలితో తిప్పండి. పైపు బిగించి, స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా పది సెకన్ల చొప్పున సెల్ఫ్ కొట్టండి. అప్పుడే స్టార్ట్ చేయాలి, వెంటనే రేజ్ చేయకూడదు.

ఇక్కడ ఒక ప్రమాదం గట్టిగా చెప్పాలి. గాలి పైపులోకి ఆయిల్ ఎక్కువగా చేరితే డీజిల్ ఇంజను ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి తనంతట తానే రేజ్ అయిపోతుంది. స్టాప్ కేబుల్ లాగినా ఆగదు, ఎందుకంటే పంపు డీజిల్‌తో దానికి పనే లేదు. గాలి ఆపడం ఒక్కటే దారి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఎయిర్ క్లీనర్ నోటికి సరిపడే చెక్కపలక, దానికి అతికించిన ట్యూబు రబ్బరు ముక్క పక్కన పెట్టుకుని ఒక మనిషిని నిలబెట్టండి. చేత్తో మూయబోవద్దు, ఆ పీల్పుడుకు చెయ్యి నలిగిపోతుంది. మీ బండి ఇప్పుడున్న స్థితిలోనే ఆ ప్రమాదం ఉంది కాబట్టి, చాంబర్ పని అయ్యేదాకా దాన్ని లోడు మీదకు తీసుకెళ్లకండి. ముందు మానిఫోల్డు గాలి పైపు విప్పి, అందులో నిలిచిన ఆయిల్ అంతా వంపేయండి.

మీరు అడగలేదు గానీ, చట్టం సంగతి కూడా తెలిసుండాలి. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ప్రకారం కుదరదు. 2019 సవరణలో వచ్చిన 182ఎ కింద ఇలాంటి మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. తోటలో తిరిగే బండి సంగతి వేరు, రోడ్డెక్కి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట వెతికేది ఇలాంటి మార్పులనే. ఆర్టీఓ ఆఫీసులో అడిగి, టర్బో ఉంచుకోవాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి. ఒకవేళ ఉంచుకుంటే, మీ పిస్టన్లు టర్బో కోసం చేసినవి కావని గుర్తుపెట్టుకుని బూస్టు, డీజిల్ పంపు సెట్టింగు రెండూ తక్కువలోనే ఉంచమని మెకానిక్‌కు చెప్పండి. నల్ల పొగ వస్తోందంటే డీజిల్ ఎక్కువైనట్టే.

పని పూర్తయ్యాక మొదటి కొన్ని ట్రిప్పులు పొగ వస్తుంది. గాభరా పడి మెకానిక్ దగ్గరికి పరిగెత్తకండి, సైలెన్సర్‌లో ఇంకిన పాత ఆయిల్ కాలిపోవాలి. రోజురోజుకూ తగ్గుతూ ఉంటే పని కుదిరినట్టు. వారం దాటాక కూడా తగ్గకపోతే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు గాలి పైపు తీసి టర్బో వీల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఆడించండి. పక్కలకు కొద్దిపాటి ఆట ఉండటం మామూలే. వీల్ రెక్క గోడకు తగులుతుంటే, లేదా ముందుకూ వెనక్కూ చేతికి తెలిసేంత ఆట ఉంటే అప్పుడు టర్బో మార్చమన్న మీ మెకానిక్ మాట వినండి.